కుడి ఊపిరితిత్తిలో విన్నది

మంచు మీద బండి లాగే స్లెడ్ పందేల్లో పరిగెత్తే కుక్కల్ని మొదటిసారి గుంపుగా చూసినప్పుడు నాకు నిరాశే కలిగింది. క్యాలెండర్ బొమ్మల్లోలాగా నీలికళ్లు, ఒత్తైన బొచ్చు, తోడేలు ఠీవి ఉంటాయనుకున్నాను. వాటిని పెంచే ఆమె పెరట్లో ఉన్న ముప్ఫై కుక్కల్లో ఒక్కటీ అలా లేదు. సన్నటి కాళ్లు, లోపలికి పోయిన పొట్టలు. ఒకటి మట్టిరంగు, ఒకటి నల్లమచ్చలది, ఇంకోదానికి ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయి ఉంది. ఒంగోలు బస్టాండు దగ్గర తిరిగేవాటిని పట్టుకొచ్చి మంచులో కట్టేశారా అనిపించింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఒకదాని గుండె మీద స్టెతస్కోప్ పెట్టాను. అంత నిదానంగా, అంత గట్టిగా కొట్టుకునే గుండెను అంతకుముందు ఏ కుక్కలోనూ వినలేదు.

నేను పశువుల డాక్టర్ని. తిరుపతిలో చదివి, అమెరికా వచ్చిన కొత్తలో కొన్నేళ్లు టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. గొలుసుకు తలకిందులుగా వేలాడుతూ వచ్చే కోళ్లను చూసి, పనికొచ్చేవేవో పనికిరానివేవో చెప్పడం నా ఉద్యోగం. మన దగ్గర పశువైద్యం చదివి ఇక్కడికొచ్చినవాళ్లలో చాలామంది ఆ గొలుసు పక్కన నిలబడినవాళ్లే. ఒక్కో పరీక్షా రాసుకుంటూ లైసెన్సు తెచ్చుకుని, 2005లో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర ఒక చిన్న ఊళ్లో క్లినిక్‌లో చేరాను. ఇంకెవరూ రానంటే నాకు దొరికిన ఊరది.

ఆమె నా మొదటి చలికాలంలోనే వచ్చింది. యాభై దాటిన మనిషి. పొద్దున, సాయంత్రం స్కూలు బస్సు నడిపేది, మధ్యలో మిగిలిన పగలంతా కుక్కలకే. ఊరికి పన్నెండు మైళ్ల అవతల అడవిలో ఒంటరిగా ఉండేది. ఒక కుక్క మణికట్టు వాచిందని తీసుకొచ్చింది. నేను దాన్ని చూస్తున్నంతసేపూ ఆమె నన్ను చూసింది. మర్నాడు ఫోన్ చేసి, మిగతా కుక్కల్ని కూడా చూడటానికి రమ్మంది.

అలా ఆదివారాలు వెళ్లడం మొదలైంది. ఒక్కో కుక్కకూ ఒక్కో పీపా ఇల్లు, అందులో ఎండుగడ్డి. ముందు పాతిన గుంజకు గొలుసు. గొలుసు ఎంత దూరం సాగితే అంత గుండ్రంగా మంచు అణిగిపోయి, ఒక్కోదాని ప్రపంచం అక్కడ గీసినట్టు ఉండేది. చలిలో కుక్కలు ఉత్త నీళ్లు తాగవు, అందుకని గడ్డకట్టిన మాంసాన్ని గొడ్డలితో కొట్టి, వేడినీళ్లలో వేసి, చారులా చేసి పోసేది. మంచు లేని నెలల్లో ఇంజను ఆపిన నాలుగు చక్రాల బండికి కట్టి పరిగెత్తించేది. ఏ కుక్క దేని పక్కన లాగుతుందో, దేని పక్కన కట్టకూడదో ఆమెకు తెలుసు. ఆమె దగ్గర కొరడా లేదు, కళ్లెం లేదు. కుడికి ఒక మాట, ఎడమకు ఒక మాట, అంతే. నేను బండలాగుడు పందేలు చూస్తూ పెరిగినవాణ్ణి. ములుకర్ర పోట్లకు ఎద్దుల పిర్రల మీద కారిన నెత్తురు చూసినవాణ్ణి. గొంతు తప్ప ఏమీ లేకుండా పన్నెండు కుక్కలు ఒకే జీవిలా మలుపు తిరగడం నాకు వింతగా ఉండేది.

లాగడం వాటికి ఇష్టమన్న మాట నిజమే. వాటి ఒంటికి కట్టే పట్టీలు చేత్తో పట్టుకుంటే చాలు, పెరడంతా అరుపులతో నిండిపోయేది. కానీ ఆ ఇష్టంలోనే వాటికి ప్రమాదం ఉంది. ఒంట్లో బాగాలేదని ఆగిపోయే కుక్క కాదది. పడిపోయేదాకా లాగుతుంది. అందుకే దూరపు పందేల్లో దారి పొడవునా మజిలీ మజిలీకి డాక్టర్లు ఉంటారు. ప్రతి కుక్క గుండె, ఊపిరితిత్తులు, కీళ్లు చూసి, బండి నడిపేవాళ్లు తెచ్చిన చిన్న పుస్తకంలో రాసి సంతకం పెడతారు. అనుమానముంటే ఆ కుక్కను అక్కడే ఆపేయమంటారు. ఆగిన కుక్కను గడ్డి పరిచిన ట్రక్కులో వెనక్కి పంపుతారు. అందులో ఎవరికీ నామోషీ లేదు. కుక్క చెప్పలేని ‘వద్దు’ను దాని తరఫున చెప్పడం, డాక్టరు పనల్లా అదే.

ఆమె చెబితేనే నన్ను ఆ డాక్టర్లలోకి తీసుకున్నారు. నా తిరుపతి క్లాస్‌మేట్ ఒకడు జార్జియాలో ఇప్పటికీ కోళ్ల ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. నేను కుక్కల పందేలకు వెళ్తున్నానని తెలిసి ఫోన్లో పడీపడీ నవ్వాడు.

“ఏం మామా, మొత్తానికి ఆర్టీవో అయిపోయావు. కుక్కల బళ్లకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తున్నావన్నమాట. ఇవాళ ఎన్ని పాస్ చేశావు?”

వాడు ఎగతాళి చేసినా నాకు గర్వంగానే ఉండేది. ఫ్యాక్టరీలో నన్ను ఎవరూ పేరు పెట్టి కూడా పిలవలేదు. ఇక్కడ గడ్డాలకు మంచు పట్టిన మనుషులు నన్ను ‘డాక్’ అని పిలిచి, నా మాట కోసం ఎదురుచూసేవాళ్లు. ఆ పిలుపు నాకు ఎంత అవసరమైపోయిందో అప్పట్లో తెలుసుకోలేదు.

ఆమె ఇంట్లో తిండి కూడా తినేవాణ్ణి. గొడ్డుమాంసం తిననని ఒకసారి అన్నాను. మరుసటి ఆదివారానికి పొయ్యి మీద కొత్త గిన్నె ఉంది. ఇది నీది, ఇందులో ఇంకేదీ వండను అంది. చిక్కుళ్ల సూపు, బంగాళదుంపలు, కొన్నాళ్లకు అన్నం కూడా. మా ఆవిడ కుట్టుమిషను ముందేసుకుని ఆమె కుక్కలకు బూటీలు కుట్టడం మొదలుపెట్టింది. మంచులో పాదాలు కోసుకుపోకుండా కాళ్లకు తొడిగే చిన్న గుడ్డ సంచులవి. ఒక్క పందేనికి వందల్లో కావాలి. ఆమె కుట్టడానికి కూర్చుంటే కళ్లు పీకేవి, అందుకని మా ఆవిడ తీసుకుంది. “ఏవండీ, మన పిల్లకి ఫ్రాక్ కుట్టమంటే టైమ్ లేదంటాను, కుక్కలకి షూస్ కుడుతున్నాను చూడండి,” అని నవ్వేది. ఇద్దరు ఆడవాళ్లకూ మాట్లాడుకోవడానికి పెద్దగా మాటలుండేవి కావు. గుడ్డలు, ఎలాస్టిక్, కొలతలు, అంతే. అయినా ఒకరంటే ఒకరికి ఇష్టం.

ఇదంతా మార్చేసిన పందెం నేను క్లినిక్‌లో చేరిన నాలుగో చలికాలంలో జరిగింది. ఆమె ముందుకుక్క అప్పటికి ఏడేళ్లది. మట్టిరంగు, వాలిన చెవి. బండికి అన్నిటికన్నా ముందు కట్టి, దారి కనిపెట్టే పని దానిదే. ఎన్నో ఏళ్లుగా చివరి వరసలో వచ్చే ఆమె ఆసారి మూడో మజిలీకి నాలుగో స్థానంలో చేరింది. మజిలీ ఒక సరస్సు ఒడ్డున. మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ కళ్లలో గుచ్చుతోంది కానీ ఒంటికి తగలడం లేదు. నాలుగు గంటలు అక్కడ ఆగి తీరాలని నిబంధన. ఆమె గడ్డి పరిచి, కుక్కల్ని పడుకోబెట్టి, పొయ్యి వెలిగించి మంచు కరిగించసాగింది. చలికీ నిద్రలేమికీ ముఖం వాచి ఉంది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

కుక్కల్ని మూడు గంటలు పడుకోనిచ్చి చూడటం మొదలుపెట్టాను. చివరికి ముందుకుక్క దగ్గరికొచ్చాను. పొద్దున దారిలో కొంచెం కక్కిందని ఆమె తనే చెప్పింది. నేను చూస్తుండగా ఒకసారి దగ్గింది. జ్వరం చూశాను, అంతసేపు పడుకున్న కుక్కకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. ఎడమవైపు శుభ్రంగా ఉంది. కుడివైపు, కిందిభాగంలో, చెవి దగ్గర వెంట్రుకల్ని వేళ్లతో నలిపితే వచ్చేలాంటి సన్నటి చిటపట. స్టెతస్కోప్ తీసి, మళ్లీ పెట్టాను. ఉంది. మూడోసారి పెట్టాను. ఉంది. కక్కినదానిలో కొంత ఊపిరితిత్తిలోకి పోయిందని నాకు అర్థమైంది. కోళ్ల గొలుసు పక్కన నిలబడినవాడికి కూడా అర్థమయ్యే సంగతే అది.

తలెత్తాను. ‘దీన్ని ఇక్కడే ఆపేయాలి’ అన్న మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె పొయ్యి దగ్గర్నుంచి ఒక మాట అంది.

“మీ ఆవిడకి చెప్పు డాక్. ఒక్క బూటీ కూడా ఊడలేదు.”

నేను నవ్వాను. చెబుతానన్నాను.

“అదెలా ఉంది?” అని అడిగింది, కుక్కను చూపించి.

“బానే ఉంది,” అన్నాను. “కాస్త కనిపెట్టి ఉండు.”

పుస్తకంలో ఊపిరితిత్తుల ఎదురుగా ‘శుభ్రం’ అని రాసి సంతకం పెట్టాను. అయిదింటికి ఆమె బయల్దేరింది. ముందుకుక్క ఒంటి పట్టీని ముందుకు గుంజుతూ అరిచింది, ఆరోగ్యంగా ఉన్న కుక్క అరిచినట్టే.

ఆ క్షణాన్ని కొన్ని వందలసార్లు తిరగేసి చూసుకున్నాను. ఆమె నన్ను బతిమాలలేదు. ఒత్తిడి చేయలేదు. ఆపమంటే మారుమాట్లాడకుండా ఆపేసేది. ఆ ఏడాదే రెండుసార్లు వేరే డాక్టర్లు ఆపమంటే ఆపింది కూడా. అడ్డం పడ్డది నాలోనే ఉంది. మన ఇళ్లలో దాన్ని మొహమాటం అంటాం, అదేదో మంచిగుణమైనట్టు. విస్తరి ముందు వద్దనలేనివాడు అజీర్తితో బయటపడతాడు. నేను ఒకరింటి తిండి తిని, వాళ్ల ముఖంలో వెలుగు పోగొట్టలేక, నోరులేని జీవం తరఫున చెప్పాల్సిన ఒక్క మాటా మింగేశాను. దాని కింద ఇంకోటి కూడా ఉంది. ఆమె సంతోషాన్ని చెడగొట్టినవాడిగా నేను కనపడకూడదు. ఆ ఇంట్లో, ఆ మనుషుల్లో నా చోటు పోకూడదు. దయ అనుకున్నది అసలు దయే కాదు.

రెండు గంటల తర్వాత రేడియోలో చెప్పారు. ఇరవై మైళ్ల దగ్గర ముందుకుక్క పడిపోయింది. ఆమె దాన్ని స్లెడ్ మీది సంచిలో పడుకోబెట్టి, తను పక్కన నడుస్తూ వస్తోంది. తర్వాతి మజిలీకి చేరేసరికి అది చనిపోయి చాలాసేపైంది. ఆమె అక్కడే పందెం వదిలేసింది.

కోసి చూస్తే కుడి ఊపిరితిత్తి పాడైపోయి ఉంది. పందెం డాక్టర్లందరికీ పెద్దయిన డాక్టరు మర్నాడు నాకు ఫోన్ చేశాడు. మంచి మనిషి, అనుమానించడానికి చేయలేదు. నీ దగ్గరున్నప్పుడు ఏమైనా కనిపించిందా అని మాత్రం అడిగాడు. లేదన్నాను. అయితే నీ దగ్గర్నుంచి బయల్దేరాకే కక్కి ఉంటుంది, పాపం అన్నాడు. రిపోర్టులో అదే రాశాడు.

వారం తర్వాత ఆమె వంటింట్లో కూర్చున్నాను. బయట కుక్కలు ఎప్పటిలాగే అరుస్తున్నాయి. ఆమె బల్ల మీద రెండు చేతులూ పెట్టి, బయల్దేరే ముందు దానికి ఒక కొవ్వుముక్క పెట్టానని చెప్పింది. పరుగుకు అంత దగ్గరగా పెడితే కక్కుతుందని, పెట్టకూడదని తనకు తెలుసంది. అది అడుగుతున్నట్టు చూసిందంది. పొద్దున కక్కినదాని వల్ల కాదు, ఊపిరితిత్తులు నువ్వు విని బానే ఉందన్నావుగా అంది.

“అదేనా డాక్? నేను పెట్టిందేనా?”

“చెప్పలేం,” అన్నాను.

కుక్కను చంపిన మాట ‘బానే ఉంది’. ఈ రెండో మాటకు ఏ తొందరా లేదు, ఎండ కళ్లలో పడటం లేదు, నా ముందు బోలెడంత సమయం ఉంది. అయినా అన్నాను. ఇంటికొస్తూ కారు ఆపుకుని జార్జియా స్నేహితుడికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

“మొహమాటపడ్డావా?” అన్నాడు వాడు.

“అవున్రా.”

“చూడు మామా. ఇక్కడ నేను ఒక కోడిని తప్పు పాస్ చేస్తే ఎవడికీ తెలీదు, నాకూ గుర్తుండదు. నీది అలా కాదు. వెళ్లి ఆవిడకి చెప్పెయ్. ఇవాళే చెప్పు, రేపు ఇంకా కష్టం. చెప్పకపోతే మాత్రం ఈ సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకు. నా దగ్గర కడుక్కుంటే పోదు.”

నేను చెప్పలేదు. వాడి దగ్గర మళ్లీ ఎత్తనూ లేదు.

ఆమె మళ్లీ పందెంలో దిగలేదు. రెండేళ్లలో కుక్కల్ని ఒక్కొక్కటిగా ఇచ్చేసింది. విస్కాన్సిన్‌కి కొన్ని, మిషిగన్‌కి కొన్ని, ముసలివాటిని పెంచుకుంటామన్న ఇళ్లకు. రాష్ట్రం దాటే ప్రతి కుక్కకూ ఆరోగ్యంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్లన్నీ నేనే ఇచ్చాను. ఒక్కోదాన్ని ఆమె నా టేబుల్ మీదికి ఎత్తేది, మెడ పట్టుకుని నిలబడేది. నేను గుండె, ఊపిరితిత్తులు విని సంతకం పెట్టేవాణ్ణి. ఎందుకిచ్చేస్తున్నావని ఒకసారి అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలీదు. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది అంది. వేసవిలో వెళ్తే పెరట్లో గుండ్రటి మట్టి వలయాలు మాత్రం మిగిలాయి, వాటిలో గడ్డి మొలవడం మొదలైంది. ఒకే ఒక కుక్కను ఉంచుకుంది. చనిపోయినదాని తమ్ముడు, దానితో ఒకే ఈతలో పుట్టింది. దాన్ని ఇంట్లోనే పడుకోబెట్టేది.

పందెం జరిగి నాలుగేళ్లయింది. ఒకరోజు ఆ ముసలి కుక్కను పరీక్షకు తీసుకొచ్చింది. నేను లోపలి గదిలో ఉన్నాను, తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట కూర్చున్నవాళ్లలో కొత్తగా స్లెడ్ కుక్కల్ని పెంచడం మొదలుపెట్టిన ఒక జంట ఉంది. ఆమె వాళ్లకు చెబుతోంది, పాఠం చెప్పినట్టు, నెమ్మదిగా. పరుగుకు ముందు ఏమీ పెట్టకండి. ఎంత అడిగినా పెట్టకండి. నా ముందుకుక్కను నేనలాగే చంపుకున్నాను.

ఆమె ఆ మాటను ఎంతమందికి చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా నా సంతకం కింద తన పేరు రాసుకుంటోంది.

ఆ ఆదివారం వెళ్లాను. మార్చి నెల, చూరు నుంచి కరిగిన మంచు చుక్కలుగా రాలుతోంది. ఆమె బయట కట్టెలు పేరుస్తోంది. లోపలికి రమ్మంది. నేను లోపలికి వెళ్లలేదు, అక్కడే నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది.

“ఎటువైపు?” అని అడిగింది.

“కుడివైపు. కింద.”

“ఎన్నిసార్లు విన్నావు?”

“మూడుసార్లు.”

“ఆపమంటే ఆపేదాన్ని. అది నీకు తెలుసు.”

“తెలుసు.”

“మరి?”

మొహమాటమన్న మాటకు ఇంగ్లిష్‌లో వెతుక్కున్నాను. నువ్వు అంత సంతోషంగా ఉన్నావు, ఆ సంతోషం పాడుచేయలేకపోయాను అన్నాను. బయటికి అన్నాక అది ఎంత నీచంగా ఉందో నాకే వినిపించింది.

ఆమె కట్టెను పేర్పు మీద పెట్టింది, జాగ్రత్తగా, జారకుండా.

“నీ దగ్గర నాకు కావల్సింది ఆ ఒక్కటే, డాక్. తిండి నేను పెట్టాను, స్నేహం నేను చేశాను. నీ దగ్గర అడిగింది ఆ ఒక్కటే.”

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తింది. నాలుగేళ్లు అని మాత్రం అంది. తర్వాత వెళ్లిపొమ్మంది. గొంతు పెంచలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. అప్పటిదాకా ఆమెకూ తెలీదు. అంతా విని ఒక్కటే అడిగింది. “ఆ రోజు మీరు ఫోన్ చేసి, ఒక్క బూటీ కూడా ఊడలేదంట అని నాకు హ్యాపీగా చెప్పారు. అప్పటికే మీకు తెలుసా?” తెలుసన్నాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలా రోజులు మా మధ్య పిల్ల చదువు మాటలు, సరుకుల మాటలు తప్ప ఏమీ నడవలేదు. పందెం నడిపేవాళ్లకు ఉత్తరం రాశాను. జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి, రిపోర్టు సరిచేయమని, ఆమెకు ఆ సంగతి రాసి పంపమని కోరాను. నా పేరు డాక్టర్ల జాబితాలోంచి తీసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆమెకు ఏమైనా రాశారో లేదో నాకు తెలీదు. అడిగే హక్కు లేదు.

ఆ ముసలి కుక్కకు అప్పటికే కిడ్నీలు పాడవుతున్నాయి. ఎండాకాలం దాటదని నాకు తెలుసు, ఆ పరీక్ష రోజునే ఆమెకూ చెప్పాను. అది చెప్పేటప్పుడు నేను ఏమీ దాచలేదు. చివరిరోజున నొప్పి లేకుండా పంపే ఇంజెక్షన్ ఇవ్వాలి. అలాంటి వాటికి నేను ఇంటికే వెళ్తాను. అలవాటైన గడ్డి మీద, అలవాటైన చేతుల్లో పోవడం మేలు కదా. మే నెలంతా క్లినిక్‌లో ఫోన్ మోగినప్పుడల్లా ఆమేనేమో అనుకున్నాను. పిలుస్తుందని కాదు, పిలిస్తే పరిగెత్తాలని.

జూన్ మొదట్లో ఒక ఉదయం పది గంటలకు ఆమె పికప్ ట్రక్కు మా క్లినిక్ ముందు నుంచి వెళ్లింది. ముందుసీట్లో కుక్క ఉంది. తల కిటికీకి ఆనించి ఉంది, ఎత్తుకుని కూర్చోలేకపోతోంది. ట్రక్కు వేగం తగ్గలేదు. దక్షిణం రోడ్డు పట్టింది. అటువైపు ఇంకో పశువుల డాక్టరు దొరికేది డెబ్బై మైళ్ల దూరంలో. చలికాలం తర్వాత ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఇక్కడందరికీ తెలుసు, గజానికో గుంత. ఆ స్థితిలో ఉన్న కుక్కకు ప్రతి కుదుపూ ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. తెలిసే తీసుకెళ్లింది. అక్కడున్నవాడు చెప్పేది నమ్మొచ్చు కాబట్టి.